రాతికి పుట్టువెంట్రుకలు

ఆదివారం ఉదయం ఆరూ ఇరవైకి పాలు పొంగి స్టవ్ మీద పడ్డాయి. పాలు చూస్తూ ఉండమని మా ఆవిడకు చెప్పి నేను పేపరు కోసం గేటు దాకా వెళ్లాను. తిరిగి వచ్చేసరికి ఆమె స్టవ్ పక్కనే నిలబడి ఉంది. చూస్తున్నది మాత్రం ఫోన్‌ని.

"పాలు పోయినాయి," అన్నాను.

"పోతే పోనీండి. ఇది చూడండి," అని ఫోన్ నా ముక్కు దగ్గర పెట్టింది.

ఫోన్‌లో ఒక నల్లరాతి గుండు. పెద్ద గుమ్మడికాయంత ఉంటుంది. ఒళ్లంతా బురద. పైభాగంలో పిడికిలంత మేర ఆకుపచ్చగా ఉంది. నాచు అనుకున్నాను. ఆ మాటే అన్నాను.

"నాచా? ఇన్నేండ్లు నాతో కాపురం చేసి దీన్ని నాచంటారా?" అంది. స్టవ్ ఇంకా మండుతూనే ఉంది. నేనే ఆపాను.

ఫొటో పంపింది ఆమె దగ్గర చదువుకునే అమ్మాయి. వాళ్లది పాలకోడు పక్కన మహేంద్రమంగళం. ఇంటి పొలంలో ఎండిపోయిన బావిని లోతు చేయిస్తుంటే అడుగున ఈ రాయి తగిలిందట. "ఇది ఏమి రాయి మేడం?" అని కింద రాసింది. మా ఆవిడ జవాబు రాయలేదు. చీర మార్చుకోవడానికి వెళ్లింది.

మా ఆవిడ పోయి రెండేళ్లయింది. ఆమె గురించి ఏదైనా రాయమని కాలేజీవాళ్లు అడిగారు. పోయినవాళ్ల గురించి రాసేవి నేను చాలా చదివాను. లైబ్రరీలో పనిచేసినవాణ్ని, చదవడమే నా పని. వాటిలో మనిషి కనబడడు, మంచిమాటలే కనబడతాయి. అందుకని ఆమె గురించి కాకుండా ఈ రాయి గురించి రాస్తున్నాను. తెలుగులో రాయడానికి ఇంకో సౌకర్యం ఉంది. మా తమిళనాడు పక్క తెలుగు మాట్లాడేవాళ్లు ఎందరో ఉన్నా చదవగలిగేవాళ్లు తక్కువ. ఇందులో వచ్చే పెద్దామె దీన్ని చదవలేదు. చదివితే నన్ను ఇంట్లోకి రానివ్వదు.

మా ఆవిడ కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పేది. సొంతంగా పరిశోధన చేసింది పాత ఖండాల కింద ఉండే మాంటిల్ రాళ్ల మీద. మాంటిల్ అంటే మనం నడిచే రాతినేలకు కింద, కొన్ని పదుల కిలోమీటర్ల లోతు నుంచి మొదలయ్యే పొర. దాన్ని నాకు ఆమె పెళ్లయిన కొత్తలో చెరకు మిల్లు దగ్గర నిలబడి వివరించింది. చెరకును గానుగలో పెడితే రసం ఒక పక్కకు, పిప్పి ఒక పక్కకు పోతాయి. చాలా చాలా కాలం కిందట మాంటిల్ కరిగి రసం పైకి పోయింది. మిగిలిన పిప్పి మన దేశం అడుగున అతుక్కుని ఉండిపోయింది. పిప్పి చుట్టూ ఉన్న మాంటిల్ కంటే తేలిక కాబట్టి కిందికి మునగదు. పైన ఉన్న నేలను మోస్తూ ఉంటుంది. మెగ్నీషియం, నికెల్, క్రోమియం పిప్పిలో మిగిలిపోతాయి. సీసం లాంటివి రసంతో పాటు వెళ్లిపోతాయి. ఏ రాయి పిప్పో, ఏ రాయి రసమో ఈ లెక్కతో తెలుస్తుంది.

ధర్మపురి కింద కూడా పిప్పి ఉందని ఆమె నమ్మకం. హొగెనకల్ పక్క కొన్ని రాళ్లు ఆ లోతు నుంచి వచ్చినవే. అవి పిప్పి మధ్యలోంచి దారి చేసుకుని వచ్చాయి కానీ పిప్పి కాదు. అసలు ముక్క ఒక్కటి కూడా ఆమెకు దొరకలేదు. క్లాసులో వేరే దేశాల రాళ్ల ఫొటోలు చూపించి, "మన కింద కూడా ఇట్లాంటిదే ఉంటుంది" అని చెప్పేది. ఆ "ఉంటుంది" అనే మాట ఆమెకు నచ్చేది కాదు. మరుసటి ఏడాది రిటైర్మెంటు. ఆ తరవాత ల్యాబుకు నమూనాలు పంపే వీలుండదు. ఆలోగా "ఉంది" అని చెప్పాలని ఆమె కోరిక.

ఫొటోలోని ఆకుపచ్చ మచ్చ ఆ పిప్పి కావచ్చు. లోతు నుంచి ఎగదన్నుకొచ్చిన నల్లరాయి దారిలో దాన్ని తునకగా తెంచుకుని పైకి తెచ్చి ఉండవచ్చు. కాకపోవచ్చు కూడా. పచ్చగా ఉండే రాళ్లు పైపొరల్లోనూ ఉంటాయి.

స్కూటర్ మీద బయలుదేరాం. నేరుగా పోయి ఉంటే ఈ కథ లేదు. పాలకోడు దాటక ముందే రోడ్డు వెడల్పు చేయడానికి ఒక గట్టును కొత్తగా కోసి ఉన్నారు. "ఒక్క నిమిషం ఆపండి," అంది. ఆమె ఒక్క నిమిషం ఎంతో నాకు తెలుసు. నేను పక్కనున్న కొట్టులో టీ తాగి, పేపరు మడతలన్నీ విప్పి చదివి, మళ్లీ టీ తాగాను. ఆమె గట్టు మీదనుంచి జారుతూ దిగి వచ్చింది. "ఏమీ లేదు," అంది సంతోషంగా.

మేము పొలం చేరేసరికి ఎండ ఎక్కింది. రాయి బావి గట్టున లేదు. కానుగ చెట్టు కింద నిలబెట్టి ఉంది. కడిగారు, పసుపు పూశారు, కుంకుమ పెట్టారు, చేమంతిపూల దండ వేశారు. ఆకుపచ్చ మచ్చ ఉన్న చోటే అన్నిటికంటే మందంగా పసుపు ఉంది. ముందు అరటిపళ్లు, కర్పూరం.

మా ఆవిడ చేతిలో సుత్తి ఉంది.

"రాండి, రాండి," అంది ఆ అమ్మాయి వాళ్ల అవ్వ. ఆమెనే పెద్దామె అన్నాను. పొలం ఆమెది, మాట ఆమెది. "కాళ్లు కడుక్కోండి ముందు. సామి ముందరికి అట్లే వస్తారా? అదేమి చేతిలో, సుత్తా?"

మా ఆవిడ సుత్తిని సంచిలో పెట్టి, మనవరాలిని పక్కకు పిలిచి మెల్లగా అడిగింది. "పొద్దున రాయే కదా ఇది? ఎప్పుడు సామి అయింది?"

"ఎనిమిదిన్నరకు మేడం. రాయి ఎత్తినారు, దాని కింద నుంచి నీళ్లు వచ్చేసినాయి. అవ్వ ఇంట్లోకి పోయి పసుపు తెచ్చేసింది. మేడం వస్తారు ఆగు అంటే వింటుందా?"

"సామి ఆగుతుందా మీ మేడం కోసరం?" అంది పెద్దామె, అంతా వింటూనే. తరవాత మా ఆవిడ వైపు తిరిగింది. "ముఖం చూడమ్మా, ఎంత కళగా ఉండాదో! పచ్చగా, మన మారెమ్మ మాదిరి."

ముఖమంటే ఆ ఆకుపచ్చ మచ్చే.

మా ఆవిడ కాళ్లు కడుక్కుని, దండం పెట్టుకుని, అరటిపండు తిన్నది. ఆ తరవాత వచ్చిన పని చెప్పింది. ఒక చిన్న ముక్క, వేలంత చాలు.

"యాడ నుంచి?"

"ఆ పచ్చగా ఉన్న చోటు నుంచి."

"ముఖంలోనా!" పెద్దామె నోటి మీద చెయ్యి వేసుకుంది. "మీ ఇంట్లో బిడ్డ ముఖంలో ముక్క ఇమ్మని నేను వస్తే ఇస్తావా?"

"మాకు బిడ్డలు లేరు," అంది మా ఆవిడ.

"అయితే ఈయన ముఖంలో."

"ఈయన ముఖంలోనా? తీసుకోండి. ఆ ముఖంలో నికెల్ లేదు, ఏమీ లేదు."

పెద్దామెకు నికెల్ తెలియకపోయినా నవ్వింది. ఆ నవ్వు వల్లనే మాకు ఒక తునక దొరికింది. రాయిని పైకి లాగేటప్పుడు రాలిన పచ్చముక్కను ఆమె పారేయకుండా సామి కాళ్ల దగ్గర, పసుపునీళ్ల పళ్లెంలో పెట్టి ఉంచింది. దాన్ని తీసి, "ఇదో, ప్రసాదం," అని ఇచ్చింది. మా ఆవిడ రెండు చేతులతో పట్టుకుంది. ఒక ప్రసాదాన్ని ఆమె అంత భక్తిగా పుచ్చుకోవడం నేను అదే మొదటిసారి చూశాను.

ఇంట్లో ఆ ముక్కను ఎన్నిసార్లు కడిగిందో. దంచింది, ప్యాకెట్ చేసింది, ల్యాబుకు పంపింది. కొన్ని వారాలకు ఫలితం మెయిల్‌లో వచ్చింది. నేను వంటింట్లో వంకాయలు తరుగుతున్నాను.

"క్రోమియం!" అని హాల్లోనుంచి అరిచింది. "క్రోమియం ఎంత ఉందో తెలుసా? పిప్పేనండీ!"

నేను కత్తి పట్టుకునే వెళ్లి కంగ్రాట్స్ చెప్పాను. అప్పటికే ఆమె ముఖం మారిపోయింది. వేలు ఇంకో వరుస మీద ఆగింది.

"సీసం," అంది. "సీసం ఎందుకు ఉంది? పిప్పిలో ఇంత రసం ఎక్కడిది?"

లేచి, మిగిలిన చిన్న పలుకును భూతద్దం కింద పెట్టి చూసింది. రాతిలో సన్నని పగుళ్లున్నాయి. పగుళ్ల లోపల పసుపు. అప్పుడు ఆమె కుర్చీలో కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది. కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. నాకు అర్థం కాలేదు. వంకాయలు నల్లబడుతున్నాయి.

"ఇది మాంటిల్ క్రోమియం కాదండీ. సంత క్రోమియం!"

విడిగా అమ్మే పసుపులో రంగు బాగా రావడానికి కొందరు ఒక పొడి కలుపుతారు. అందులో ఉండే లోహాలు రెండే: సీసం, క్రోమియం. ఆ పసుపునీళ్లు రాతి పగుళ్లలోకి ఇంకాయి. భూమి అడుగున ఏముందో తెలుసుకోవాలని పంపితే సంతలో ఏం అమ్ముతున్నారో తెలిసింది.

మరుసటి ఆదివారమే మహేంద్రమంగళం పోయాం. రాయి కోసం కాదు. వాళ్లు ఆ పసుపునే కూరలో వేస్తున్నారేమో అని ఆమె భయం.

"కూరకు మా తోట పసుపే," అంది పెద్దామె. "ఇంట్లో ఉడకబెట్టి, ఎండబెట్టి, మిల్లులో ఆడించింది. సామికే గదా అని సంతలో కొన్నా."

"సామికి కల్తీ, మీకు అసలుదా?"

"అది తింటుందా ఏమి?"

"మీరు తినడం లేదు కదా, అంతే చాలు," అంది మా ఆవిడ. "సామికి కూడా మీ తోటదే పూయండి." పెద్దామె పొట్లం తెచ్చి చెత్తకుప్పలో పోసింది. కొంత మా ఆవిడ అడిగి తీసుకుంది. అది కూడా ల్యాబుకు పోయింది. అనుకున్నదే తేలింది.

ఒక ఆశ మాత్రం మిగిలింది. ఫలితంలో నికెల్ కూడా ఎక్కువగానే ఉంది. పసుపులో నికెల్ ఉండదు, కల్తీ పసుపులోనూ ఉండదు. కాబట్టి రాయి నిజంగానే పిప్పి కావచ్చు. అయితే మురికి నమూనా మీద ఆధారపడి ఆమె ఏ మాటా అనదు. పసుపు తగలని చోట నుంచి, లోపలి నుంచి, శుభ్రమైన ముక్క కావాలి. పెద్దామెను మళ్లీ అడిగింది.

పెద్దామె ఈసారి నవ్వలేదు. "నువ్వు మంచిదానివి. మాకు మంచి చెప్పే దానికి ఇంత దూరం వచ్చినావు. అయితే ఒకటి చెప్పు. ఆ రాయి ఎత్తితే నీళ్లు వచ్చినాయి. సుత్తితో కొడితే నీళ్లు పోతే? ఎవరిస్తారు, మీ కాలేజీ ఇస్తుందా?"

మా ఆవిడ దగ్గర జవాబు ఉంది. నీళ్లు రాతి వల్ల రావు, రాతి కింది పగులు వల్ల వస్తాయి. ఆ మాట అనలేదు. తిరిగి వచ్చేటప్పుడు స్కూటర్ వెనకనుంచి అంది. "ఆమె అడిగింది సరేనండీ. పోతే నాకు ఒక రీసెర్చ్ పేపరు పోతుంది. ఆమెకు పోయేది టమాటా తోట."

ఆ ఏడాదంతా అడగలేదు. పండక్కో పబ్బానికో పోయి చూసి వచ్చేవాళ్లం. బావిలో నీళ్లు తగ్గలేదు. రిటైర్మెంటు దగ్గరపడింది. ఆమె ల్యాబులో సామాన్లు సర్దడం మొదలుపెట్టింది.

అప్పుడు మనవరాలు ఫోన్ చేసింది. "మేడం, అవ్వ మిమ్మల్నీ సార్‌నీ రమ్మంటా ఉంది. రాయి వచ్చి ఏడాది అయింది కదా, మొట్ట కొట్టాలంట. సుత్తి తెమ్మనింది."

మొట్ట అంటే గుండు. మా పక్క బిడ్డకు ఏడాది నిండితే పుట్టువెంట్రుకలు తీస్తారు. తీసిన వెంట్రుకలతో బిడ్డకు ఏ లోటూ రాదు, తీయకపోతేనే దోషం. పెద్దామె ఏడాదిపాటు ఆలోచించి కనిపెట్టిన దారి ఇది. సామి ముఖాన్ని పగలగొట్టడం పాపం. ఏడాది బిడ్డకు తల వెనక నాలుగు వెంట్రుకలు తీయడం పుణ్యం.

"వెంట్రుక తీస్తే నొప్పా?" అని మమ్మల్నే అడిగింది, మేము ఏదో అడ్డుచెప్పినట్టు. "వెనక పక్క కూడా పచ్చ ఉండాది, చూసినా. ఆ పక్క నేను ఒక్క రోజు కూడా పసుపు పూయలేదు. వీపుకు ఎవరు పూస్తారు?"

మా ఆవిడ రాయి వెనక్కి పోయి, వంగి, భూతద్దంతో చూసి, లేచి నిలబడింది. ఆమె ముఖం ఎలా ఉందో చెప్పడానికి ప్రయత్నించను.

ఒక చిక్కు మిగిలింది. మొట్ట కొట్టేటప్పుడు బిడ్డ మేనమామ ఒడిలో కూర్చోవాలి. బిడ్డకు తల్లి పెద్దామె అనుకుంటే మేనమామ ఆమె తమ్ముడు. ఆయన బెంగళూరులో ఉన్నాడు. రాయిని ఒడిలో పెట్టుకోవడానికి సెలవు పెట్టనన్నాడట.

పెద్దామె నా వైపు చూసింది. "సార్ ఊరికే కూర్చునే ఉన్నాడు కదా."

అలా నేను మేనమామనయ్యాను. చాప మీద కూర్చోబెట్టారు. తొడల మీద మడిచిన గోనెపట్టా వేశారు. ఇద్దరు కూలీలు రాయిని ఎత్తి నా ఒడిలో పెట్టారు. అంత బరువు నేను అంతకు ముందు మోయలేదు, ఆ తరవాత మోయలేదు. కిందినుంచి వచ్చిన రాళ్లు మామూలు రాళ్లకంటే బరువని ఆమె చెబుతుండేది. ఆ రోజు నమ్మాను.

"బిడ్డ కదలకూడదు," అంది పెద్దామె.

"బిడ్డ కదలడం లేదు అవ్వా, మామ కదులుతా ఉన్నాడు," అంది మనవరాలు. ఫోన్‌లో వీడియో తీస్తోంది.

మా ఆవిడ ఉలి కడిగి, ఆరబెట్టి, కొత్త చేతితొడుగులు వేసుకుంది. నా మోకాళ్ల ముందు కూర్చుని ఉలి మొన ఆనించింది.

"కదలకండి. మీ రక్తం పడితే ఇనుము ఎక్కువ వస్తుంది."

"నా తొడ సంగతి?"

"తొడ నాకు నమూనాలో అవసరం లేదు."

మూడో దెబ్బకు చిట్లింది. బొటనవేలంత ముక్క, పగుళ్లు లేకుండా, పచ్చిబఠానీ రంగులో మెరుస్తూ ఆమె సంచిలో పడింది. పెద్దామె వెంటనే ఆ చోట గంధం పూసింది, గుండు కొట్టిన బిడ్డకు పూసినట్టే. తరవాత లేచి బావి దగ్గరకు పోయి తొంగి చూసింది. మేమందరం ఆమెనే చూస్తున్నాం. ఒడిలోని రాయి ఒడిలోనే ఉంది.

"ఉండాయి," అంది. నీళ్ల గురించి.

మొట్ట కొట్టినవాళ్లకు ఇచ్చే తాంబూలం మా ఆవిడకు ఇచ్చింది. నాకు పంచె. "ఇంక నువ్వు నా తమ్ముడివి. ఈమె నాకు మరదలు. వచ్చే ఏడాది నుంచి బిడ్డకు సీరు నువ్వే తేవాల, మరిచిపోయేవు." సీరు అంటే మేనమామ తెచ్చే బట్టలూ పళ్లూ.

ఈసారి ఫలితం వచ్చినప్పుడు నేను ఉల్లిపాయల కొట్టు దగ్గర ఉన్నాను. ఫోన్ మోగింది. "పిప్పేనండీ," అంది. అంతే, పెట్టేసింది. ఇంటికి వచ్చాక చూపించింది. సీసం దాదాపు లేదు. క్రోమియం మొదటిసారి కంటే తక్కువే, ఉండవలసినంత ఉంది. నికెల్, మెగ్నీషియం నిలబడ్డాయి. రిటైర్మెంటుకు ముందు చివరి క్లాసులో మిగిలిన పలుకును ఒక చేతినుంచి ఇంకో చేతికి అందింపజేసి, "మన కింద ఇది ఉంది," అని చెప్పిందట. మనవరాలు నాకు చెప్పింది.

పని అయిపోయిందనుకున్నాను. పరిశోధన చేసేవాళ్లకు అలా ఉండదు. రసం ఎప్పుడు కారిపోయిందో తెలియాలంటే ఇంకో పరీక్ష ఉందట, దానికి ఇంకో ముక్క కావాలట. ల్యాబు కోసం పాత స్నేహితురాలిని ఒప్పించింది. ఏటా సీరు తీసుకుని పోయినప్పుడల్లా వదినా మరదళ్ల వాదన ఇదే.

"వదినా, ఇంకొక్కటి. చిన్నది."

"పుట్టువెంట్రుకలు రెండుసార్లు తీస్తారా ఎక్కడైనా? ఇదేనా నువ్వు చదివింది?"

"చెవులు కుట్టేది మిగిలింది కదా. ఆడబిడ్డకు చెవులు కుట్టించకుండా ఎన్నాళ్లు పెట్టుకుంటావు?"

"చెవులు కుట్టాలంటే మామ బంగారు కమ్మలు తేవాల. తెచ్చినాడా? అరటిపళ్లు తెచ్చి చెవులంట చెవులు!"

"ఈయన పిసినారి. నేనేం చేసేది?"

"నాకు తెలుసు. నా తమ్ముడే కదా."

ఇద్దరూ నన్ను చూసి నవ్వేవాళ్లు. నేను చుట్టూ ఎవరైనా రాళ్లు ఎత్తేవాళ్లు ఉన్నారేమో చూసుకునేవాణ్ని. ముక్క ఇవ్వకపోయినా, ప్రతిసారీ ఆమె సంచిలో ఉలి ఉండేది. ప్రతిసారీ పెద్దామె ఆ సంచిని తడిమి, ఉలి ఉందని చూసుకుని, అప్పుడు కాఫీ పెట్టించేది.

మా ఆవిడ పోయిన ఏడాది నేను సీరు తీసుకుని ఒక్కణ్నే పోయాను. పెద్దామె బట్టలు తీసుకుని రాతికి కట్టింది. బావిలో నీళ్లున్నాయి. మనవరాలికి హోసూరులో ఉద్యోగం, ఆ రోజు సెలవు పెట్టి వచ్చి కాఫీ తెచ్చింది. పెద్దామె నా సంచి వైపు చూసి, తడమకుండానే కూర్చుంది.

కొంతసేపటికి అంది. "తమ్ముడూ, ఆమె అడిగింది కదా. చెవికని ఒక ముక్క తీసుకుంటావా? నేనే చెప్తా ఉండా."

ఆ ముక్కను ఏ ల్యాబుకు పంపాలో, ఎలా దంచాలో, వచ్చిన అంకెలను ఎలా చదవాలో నాకు తెలియదు. వద్దన్నాను. ఆమె మళ్లీ అనలేదు. కాఫీ తాగి, టమాటాల ధర గురించి, ఆమె మోకాళ్ల నొప్పి గురించి మాట్లాడుకుని, చీకటి పడకముందే బయలుదేరాను.

ఏటా పోతున్నాను. ఆ రాతిలోంచి ఇంకో ముక్క ఇమ్మని ఇప్పుడు ఎవరూ అడగడం లేదు.